తిండి ఇడిసిన నాడే తేవాలె

మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, పోయి పన్నెండు రోజులైంది. సిటీలో ఒక దవాఖానలో, శుక్రవారం పొద్దున, నర్సు కిటికీ పరదా జరుపుతుండగా పోయాడు. కాలి పుండుతో పోయాడు. ఈ మాట తెగేసి రాస్తున్నాను, ఎందుకంటే మావాళ్లు అడిగినవాళ్లందరికీ "గుండె ఆగింది" అని చెప్తున్నారు. గుండె చివరికి అందరికీ ఆగుతుంది. మా పెద్దబాపు మాత్రం ఎడమకాలి బొటనవేలి కింద లేచిన పుండును నెలన్నర దాచిపెట్టుకుని పోయాడు.

పరామర్శకు వచ్చినవాళ్లు అంటున్న మాట ఇంకొకటి ఉంది. "అదృష్టవంతుడు బిడ్డా, ఎవ్వలకు బరువు గాలే. ఎవ్వల్ని ఏమడగకుండ పోయిండు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది. చేతిలో చాయ్ గ్లాసు ఉంటే కింద పెట్టి లేచి వెళ్లిపోతున్నాను. అడగకుండా పోవడం అదృష్టమట! అడిగి ఉంటే ఈపాటికి ఆయన తన దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేవాడు. పోయినవాళ్ల తప్పులు ఎంచకూడదంటారు. నేను ఎంచుతాను. ఆయన తప్పు, నా తప్పు, రెండూ చెప్తాను. ఆయన్ని తలుచుకోవడానికి నాకు ఇంకో దారి కనపడటం లేదు.

శంషాబాదులో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉండేది ఆయన దుకాణం. మొదట అది అద్దాల దుకాణం. కిటికీలకు అద్దాలు కోసిచ్చేవాడు, ఫొటోలకు ఫ్రేములు కట్టేవాడు. ఎయిర్‌పోర్టు వచ్చి చుట్టూ హోటళ్లు లేచాక, ఒక హోటల్ వాళ్లు రిసెప్షన్‌లో పెట్టుకోవడానికి పెద్ద గాజు తొట్టి చేయించుకున్నారు. వారానికి ఆ తొట్టి మూల కారుతోందని కబురొస్తే చూడ్డానికి వెళ్లాడట. అప్పటికే అందులో గోల్డ్ ఫిష్‌లు వేశారు. అన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం గుటకలు వేస్తున్నాయట. "నా చేతులతోని చేసిన డబ్బా బిడ్డా. అండ్లనే సస్తున్నయి అవి" అని ఎన్నో ఏళ్ల తర్వాత కూడా చెప్పేవాడు. ఆ రోజు నుంచి చేపల సంగతి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. మొదట్లో చాలా చేపల్ని చంపుకున్నానని ఆయనే ఒప్పుకునేవాడు. తర్వాత అద్దాల పని తగ్గింది, చేపల పని పెరిగింది. పాత బండికి బకెట్లు, పైపు కట్టుకుని హోటళ్లకు, పళ్ల డాక్టర్ల దగ్గరికి, షోరూములకు తిరుగుతూ తొట్లు కడిగేవాడు. జబ్బు చేసిన చేపల్ని దుకాణానికి తెచ్చుకుని బాగుచేసేవాడు.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. దుకాణం వెనక గదిలోనే ఒక్కడూ ఉండేవాడు. మేముండేది పాల్మాకులలో. బాపు, అమ్మ, నేను. నేను అత్తాపూర్‌లో ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్టును. సాయంత్రం బస్సులో వస్తూ శంషాబాదులో దిగి, ఆయన దుకాణంలో చాయ్ తాగి, అక్కణ్నుంచి ఆటోలో ఊరికి పోవడం నాకు పదిహేనేళ్ల అలవాటు. విమానం దిగుతుంటే తొట్లలో నీళ్లు సన్నగా వణికేవి. మాట మధ్యలో ఆపి, చప్పుడు పోయాక మళ్లీ అక్కణ్నుంచే అందుకునేవాళ్లం.

ఆయన కోపిష్టి. ఆ కోపం అంతా నాకే వచ్చిందని అమ్మ అంటుంది. దుకాణంలో గుండ్రటి గాజు గిన్నెలు అమ్మేవాడు కాదు. అన్ని చేపల దుకాణాల్లో ముందుగా కనపడేవి అవే, అడిగి కొనేవీ అవే. ఒకసారి కారు దిగి ఒకాయన వచ్చి, బల్ల మీదికి ముద్దుగా ఉంటుంది, ఒక గిన్నె, రెండు చేపలు ఇవ్వమన్నాడు.

"నీ ఇంట్ల బకెట్టున్నదా అన్నా?" అని అడిగాడు పెద్దబాపు.

"ఉంది. ఎందుకు?"

"అండ్ల నిండ నీళ్లు పోస్కొని కూసో. అండ్లనే తిను, అండ్లనే అన్ని కానియ్యి. ఎన్ని దినాలుంటవో చూసుకొని రా. అప్పుడిస్త నీకు గిన్నె."

వచ్చినాయన మొహం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయాడు. గిరాకీ పోయిందని నేను అంటే నన్నూ తిట్టాడు. గోల్డ్ ఫిష్ తినడంలో ఎంత ఘనమో విసర్జించడంలోనూ అంతే ఘనమనీ, ఆ మురికే నీళ్లలో కరిగి దాని మొప్పల్ని కాలుస్తుందనీ, గిన్నెడు నీళ్లు పూటకే పాడవుతాయనీ చెప్పాడు. "నీ లెట్రిన్ల నిన్ను పండుకోమంటే పండుకుంటవా?" అన్నాడు. పెంచడం చేతకాక హిమాయత్ సాగర్‌లో వదిలేస్తామనేవాళ్లు కూడా వచ్చేవాళ్లు, పుణ్యం చేస్తున్నట్టు మొహం పెట్టుకుని. "అంత ఎర్రగ మెరుస్తుంటే కొంగ చూడదా? పొద్దుగూకే దాంక గూడ ఉండదు" అని చేప ఉన్న కవరు వాళ్ల చేతిలోంచి లాక్కునేవాడు. అలా లాక్కున్నవే ఆయన పెద్ద తొట్టిలో తొమ్మిది ఉండేవి. వాటిని అమ్మలేదు ఎప్పుడూ.

చేపను కవర్లో వేసుకుని వచ్చి "మందియ్యి" అంటే ఇచ్చేవాడు కాదు. "నీళ్లు ఎన్నడు మార్చినవ్?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. జనం రెండు రకాల జవాబులు చెప్పేవాళ్లు. తెచ్చినప్పటి నుంచి మార్చలేదని కొందరు. నిన్ననే మొత్తం పారబోసి, రాళ్లన్నీ సబ్బుతో కడిగి, నల్లా నీళ్లు పట్టామని కొందరు. రెండోవాళ్ల మీద ఆయనకు ఎక్కువ కోపం. ఎందుకంటే వాళ్లు శుభ్రం చేశామని అనుకుంటారు. వారానికోసారి మూడోవంతు నీళ్లు తీయాలి, ఒక రోజు ముందే డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్లు పోయాలి. నల్లా నీళ్లలో కలిపే బ్లీచింగ్ మందు వాసన పోవాలి, చల్లదనం సమానం కావాలి. ఫిల్టర్‌లోని స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండాలి. "అండ్ల కంటికి కనవడని మంచి పురుగులుంటయి. మురికిని తినేటియి అవే. నల్లా కింద పట్టినవంటే అన్ని సస్తయి. నీళ్లు తెల్లగ కనవడ్తయి, గని సచ్చిపోయిన నీళ్లు అవి." ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆయన మందుల పెట్టెలో పెద్దగా ఏమీ ఉండేవి కావు. కల్లుప్పు, ఒక నీలం మందు, పుండ్ల మీద అద్దడానికి గోధుమరంగు అయోడిన్ మందు, చెవి పుల్లలు. ఒంటి మీద తెల్లటి చుక్కలు లేస్తే నీళ్లను కొంచెం గోరువెచ్చగా ఉంచి, ఉప్పును ఒక్కసారి గుమ్మరించకుండా రెండు రోజుల మీద కొద్దికొద్దిగా కలిపేవాడు. తోక చివర్లు కుళ్లితే ముందు నీళ్లు బాగుచేసి, ఆ తర్వాతే మందు సంగతి చూసేవాడు. పొట్ట పైకి తిరిగి తేలుతున్నదాన్ని తెస్తే రెండు రోజులు పస్తు ఉంచి, మూడో రోజు ఉడికించిన బఠాణీ తొక్క తీసి పెట్టేవాడు. ఆ తొక్క తీయడంలో నాకు పని పడేది. నేను గింజ నలిపేస్తే ఊరుకునేవాడు కాదు. అద్దాలు కోసి కోసి మొరటుబారిన ఆయన వేళ్లు బఠాణీ గింజను చీలికైనా లేకుండా బయటికి తీసేవి.

ఆయన జేబులో ఒక చిన్న స్టీలు టార్చ్ ఉండేది. పట్టపగలు కూడా దానితో చేపల్ని చూసేవాడు. ముందు పైనుంచి, తర్వాత పక్కనుంచి, మొప్పల కింద, పొట్ట కింద. దానికన్నా ముందు మాత్రం నాలుగు గింజల మేత వేసి ఊరికే నిలబడేవాడు. "చేప మొర పెట్టదు బిడ్డా. తిండి కాడ చెప్తది. అన్ని ఉరికొచ్చినప్పుడు ఏది రాలేదో గది చూడు. నీకు చెప్తున్నది గదే."

ఒక ఆదివారం నేను ఆయన వెంట ఉన్నాను. హోటల్ నుంచి మేనేజరు ఫోను. ఆయనది కోస్తా వైపు, మర్యాదగా మాట్లాడే మనిషి. చేప నోరు తెరిచే ఉంచుతోంది, ఏమీ తినటం లేదన్నాడు. వెళ్లాం. "మూడు రోజులైందండీ. అదే తగ్గిపోతుందిలే అనుకున్నాం" అన్నాడు. పెద్దబాపు చేతులు తడుపుకున్నాడు. పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పోతుందని ఆయన పట్టింపు. తడి గుడ్డలో చేపను పట్టి, టార్చ్‌తో నోట్లోకి చూసి, తల కిందికి వంచి, గొంతు దగ్గర బొటనవేలితో మెల్లగా ఒత్తాడు. శనగగింజంత రాయి జారి పడింది. చేపను నీళ్లలోకి వదిలి, ఆ రాయిని తీసుకెళ్లి మేనేజరు అరచేతిలో పెట్టాడు.

"మూడు దినాల సంది గిది దాని నోట్ల ఉన్నది సార్. మీ నోట్ల ఉంటే మూడు గంటలు ఆగుతుంటిరా?"

"తెలియలేదండీ" అన్నాడు మేనేజరు.

"తెలవకుంటే అడగాలె. తిండి ఇడిసిన నాడే తేవాలె నా కాడికి. బోర్ల పడ్డంక తెస్తే నేను జేసేదేముంటది?"

రిసెప్షన్‌లో సూట్‌కేసులతో నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట నాకు కొత్త కాదు. పదిహేనేళ్లుగా వింటున్నాను. జబ్బు చేసినదాన్ని చివరి గంటలో తెచ్చిన ప్రతి మనిషికీ అదే తిట్టు. ఇంకో మాట కూడా దాని వెంటే వచ్చేది. "ఇడిగ పెట్టాలె, దాసిపెట్టొద్దు." విడిగా పెట్టడానికి ఆయన బల్ల కింద ఎప్పుడూ ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు సిద్ధంగా ఉండేది, ఉప్పు నీళ్లతో, ఒక గాలి పైపుతో, పైన ప్లైవుడ్ ముక్క కప్పి. కొత్తగా వచ్చినది మూడు వారాలు అందులోనే. దెబ్బ తగిలినదీ అందులోనే.

ఇంత తెలిసిన మనిషి! ఇది రాస్తుంటే మళ్లీ నా పళ్లు కొరుక్కుంటున్నాను.

ఆయనకు షుగరు ఉంది. మా బాపుకూ ఉంది. ఇద్దరికీ నెలనెలా గోళీలు నేనే తెచ్చిచ్చేదాన్ని. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒకనాడు ఫోను చేసి, "బిడ్డా, ఆ పుండ్ల మందు జర పెద్ద సీసా తే" అన్నాడు. తెచ్చాను. వారానికి "గాజుగుడ్డ గూడ తే, చుట్టలకు చుట్టలుంటది సూడు" అన్నాడు. ఏ చేపకు అని అడిగాను. "హోటల్ల పెద్ద చేపకు పుండు లేసింది" అన్నాడు. తెచ్చాను. ఇంకో వారానికి గాజుగుడ్డతో పాటు ప్లాస్టర్ కూడా అడిగాడు. అదీ తెచ్చాను. సంచీలో పెట్టి చేతికిచ్చి, చాయ్ తాగి, ఆటో ఎక్కాను.

చేపకు ఎవరైనా కట్టు కడతారా? నీళ్లలో తిరిగే జీవికి ప్లాస్టర్ అతుకుతుందా? ఈ రెండు ప్రశ్నలు అడగడానికి ఫార్మసిస్టు కానక్కర్లేదు. నేను ఫార్మసిస్టును. ముక్కూ మొహం తెలియనివాళ్లు గాజుగుడ్డ కొంటే "ఎవరికండీ? షుగరు ఉందా? పుండు డాక్టరుకు చూపించారా?" అని కౌంటరు మీద వంగి వంగి అడుగుతాను. మా పెద్దబాపును అడగలేదు. ఆయన నాకు చేపలవాడు. మందు ఆయన తెమ్మన్నాడంటే అది చేపకే.

కుంటుతున్నాడు. చూశాను. "చెప్పు కరిసింది" అన్నాడు. ఎన్నడూ లేనిది చెప్పుల్లో సాక్సులు వేసుకున్నాడు. "నీళ్లల్ల తిరిగి కాళ్లు సల్లవడుతున్నయి" అన్నాడు. దుకాణంలో ఏదో వాసన. ఏ తొట్టి కిందో మేత కుళ్లిందనుకున్నాను.

అన్నిటికన్నా ఘోరం ఇంకొకటి ఉంది. రోజూ బస్సు దిగగానే మూల మీది బండి దగ్గర మిర్చి బజ్జీలు కట్టించుకుని వెళ్లేదాన్ని. ఆయన తనవి ముందు తినేసి నా వాటి వైపు చూసేవాడు. షుగరు మనిషివి, బజ్జీలేంటని నేను అరవడం, ఒక్కటే గదా అని ఆయన తీసుకోవడం. అదో ఆట మాకు. చివరి వారంలో సోమవారం నాడు "ఇయ్యాల వద్దు బిడ్డా" అన్నాడు. మంగళవారం "కడుపు నిండుగున్నది" అన్నాడు. బుధవారం ఒకటి చేతిలోకి తీసుకుని, కొరికి, కాగితం మీద పెట్టేశాడు. విమానం ఏదో దిగుతోంది, మాట్లాడుకోవడానికి లేదు. చల్లారిపోతాయని ఆయన బజ్జీలు కూడా నేనే తినేశాను.

మూడు రోజులు నా కళ్ల ముందు తిండి విడిచాడు. చేప అయితే మొదటి రోజే చూసేదాన్ని.

గురువారం దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే గదిలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. సాక్సు పుండుకు అతుక్కుపోయింది. నీళ్లతో తడిపి తడిపి తీశాను. బాపుకు ఫోను చేసి, ఆటో పిలిచి, అక్కడి దవాఖానకు తీసుకుపోతే వాళ్లు సిటీకి పంపించారు. డాక్టరమ్మ కాలు చూసి, నా వైపు తిరిగి, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా? మొదట్లోనే తెచ్చుంటే వేలితో పోయేది కదా" అంది. ఆ మాట పెద్దబాపు ఎంతమందిని అనగా విన్నానో! నా వంతు వచ్చింది. అరచేతిలో రాయి పెట్టించుకున్న మేనేజరు లాగే నిలబడ్డాను.

విషం అప్పటికే రక్తంలో కలిసింది. ఎనిమిది రోజులున్నాడు. మొదటి నాలుగు రోజులు మాట్లాడాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన చేయి పట్టుకుని మంచి మాట చెప్పానని రాయగలిగితే బాగుండేది. నేను తిట్టాను.

"చేప నోట్ల రాయి మూడు దినాలుంటే పది మంది ముంగట ఆ సారును తిట్టినవ్. నీ కాలు నెలన్నర దాసుకున్నవ్. పైంగ నాతోనే మందు తెప్పిచ్చుకున్నవ్, చేపకని చెప్పి. సిగ్గున్నదా పెద్దబాపూ నీకు?"

ఆయన నవ్వాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. "తిట్టు బిడ్డా. నా మాటలే నాకు అప్పజెప్తున్నవ్."

"ఎందుకు చెప్పలే?"

"కాలు తీస్తరని బుగులయ్యింది. బండి ఎట్ల తోలుత? డబ్బాలెట్ల కడుగుత? మీ బాపు మీద పడి తినాలె ఇగ. వారం ఆగితే మానుతదేమో అనుకున్న. మళ్ల వారం అనుకున్న."

అదే తగ్గిపోతుందిలే అనుకున్నాం అన్న మేనేజరు మాటే అది. భాష ఒక్కటే తేడా. నాకు ఇంకా కోపం వచ్చింది.

కాసేపటికి ఆయనే అన్నాడు. "టబ్బుల ఒకటున్నది, సూడు. తోక చిరిగింది, హోటల్ల ప్లాస్టిక్ చెట్టుకు తలిగి. దానికి దినాము సగం నీళ్లు మార్చు. డ్రమ్ముల పట్టినయే పొయ్యి. ఉప్పు మరిసిపోకు."

"నీ చేపల మొకం నేను చూడ" అన్నాను.

ఆయనతో నేను అన్న ఆఖరి మాట అది. సాయంత్రం వెళ్లి టబ్బులో నీళ్లు మార్చాననుకోండి. ఆ మర్నాడు కూడా, ఆ పై రోజూ. ఆ సంగతి ఆయనకు చెప్పేలోగా, ఆ రాత్రే, తెలివి తప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణం వెనక గదికే తీసుకొచ్చాం. అక్కణ్నుంచే పాల్మాకులకు తీసుకెళ్లి దహనం చేశాం. మళ్లీ దుకాణానికి వచ్చేసరికి మేనత్త, ఆయన చెల్లెలు, ఇల్లంతా కడిగించి తుడిపించింది. మా వైపు చావు జరిగిన ఇంట్లో నిల్వ ఉన్న నీళ్లు ఉంచరు. శవం లేచాక కుండల్లో, బిందెల్లో ఉన్నవి పారబోసి కొత్త నీళ్లు పడతారు. అత్తమ్మ బిందెలు పారబోయించింది. డ్రమ్ములు పారబోయించింది. అమ్మకపు తొట్లు ఆయన కాలు చెడ్డప్పటి నుంచే ఖాళీ, చేపలున్నది పెద్ద తొట్టి ఒక్కటే, అది కూడా పారబోయించింది. అవీ నిల్వ నీళ్లేనట. పాపం, చేపల్ని చంపాలని ఆమెకు లేదు. ఒక్కొక్కదాన్ని గిన్నెతో ముంచి బకెట్లో వేసి, తొట్టి సబ్బుతో తోమి, స్పాంజిని నల్లా కింద తెల్లగా పిండి, అప్పుడే వచ్చిన ట్యాంకరు నీళ్లు నిండా పట్టి, మళ్లీ అందులో వేయించింది. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. బ్లీచింగ్ వాసన గడప దాకా కొడుతోంది. తొమ్మిది చేపలు పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి.

చావు ఇంట్లో, అంతమంది ఆడవాళ్ల మధ్య నేను అరిచిన అరుపు సందు చివరిదాకా వినపడిందట.

"శవం లేసినంక ఇంట్ల నీళ్లు ఉంచుతరానే? ఎన్నడన్న ఇన్నవా?" అంది అత్తమ్మ బిత్తరపోయి. "నీళ్లు మంచియే పోసిన గదా. ఎంత మంచిగున్నయో సూడు."

పాత నీళ్లు కావాలి, ఒక్క బిందె అయినా. ఒక్కటి లేదు. మోరీలోకి పోయాయి. పక్క వీధుల్లో తిరిగి ఎవరింట్లోనో పట్టి ఉంచిన బోరు నీళ్లు రెండు బకెట్లు తెచ్చి మార్చాను. మర్నాడు పొద్దెక్కేసరికి నాలుగు పోయాయి. సాయంత్రానికి మిగతావీ పోయాయి. పదకొండో రోజు దాకా అత్తమ్మతో మాట్లాడలేదు. ఆ రోజు ఫొటోకు దండ వేశారు. ఎక్కడ కట్టించారో, ఫ్రేముకు అద్దం బదులు ప్లాస్టిక్ రేకు బిగించారు. జీవితమంతా అద్దాలు కోసిన మనిషికి! నేను దాని వైపు చూస్తూ పళ్లు నూరుతుంటే అత్తమ్మ పక్కన వచ్చి కూర్చుంది. "నాకు తెల్వదు బిడ్డా. తెలిస్తే చేస్తుంటినా? మా అన్న చేపలు గవి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె మీద కోపం అక్కడితో పోయింది. ఆమెకు తెలియదు. నాకు తెలుసు, ఆయనకు తెలుసు. మా ఇద్దరి మీద మాత్రం కోపం పోవడం లేదు.

బల్ల కింద టబ్బును ఎవరూ ముట్టుకోలేదు. ప్లైవుడ్ ముక్క కప్పి ఉండటం వల్ల అందులో ఏ రంగు డబ్బాలో ఉన్నాయనుకున్నారట. జబ్బు చేసి విడిగా ఉన్న ఒక్క చేపే మిగిలింది.

దాన్ని పాల్మాకులకు తెచ్చాను. ఆయన చేతులతో చేసిన తొట్టి ఒకటి మా ఇంట్లో బట్టల మీద దుమ్ము పడకుండా బోర్లించి ఉండేది. కడిగి, నీళ్లు రెండు రోజులు నిలవనిచ్చి, టబ్బులోని నీళ్లు కూడా కలిపి అందులో వేశాను. ఆయన వస్తువుల్లో నేను అడిగి తీసుకున్నది స్టీలు టార్చ్ ఒక్కటే.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున ఒక పని కొత్తగా మొదలైంది. బాపు చాయ్ తాగగానే తొట్టి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుని, ఆయన కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని టార్చ్ వేసి చూస్తున్నాను. పైన, వేళ్ల సందుల్లో, మడమ కింద. కూతురు కాళ్లు పట్టుకుని చూడటం బాపుకు నచ్చదు. "ఏం లేదే, ఇడిసిపెట్టు. ఇరుగుపొరుగు చూస్తే ఏమనుకుంటరు?" అని గింజుకుంటాడు. మొదటి రెండు రోజులు బతిమాలాను. తర్వాత పెద్దబాపు బొటనవేలి సంగతి ఎత్తి బెదిరిస్తున్నాను.

నిన్న పొద్దున కుడికాలు ఇచ్చాడు. ఎడమకాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"అది గూడ" అన్నాను.

"దానికేం లేదు."

"బాపూ."

మెల్లగా చాపాడు. మడమ పక్కన, కందిగింజంత, ఎర్రగా, నీటి బొబ్బ.

"చెప్పు కరిసింది బిడ్డా" అన్నాడు, నా మొహం చూడకుండా. "వారంల మానుతది తీ."

నేను మందుల దుకాణానికి ఫోను చేసి, బాపును దవాఖానకు తీసుకుపోవాలి, ఇవాళ రానని చెప్పాను. బాపు చొక్కా వేసుకుంటున్నాడు. నా చేతిలో టార్చ్ ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగు తొట్టి మీద పడితే మేత వేస్తాననుకుని చేప ఉరికొచ్చి అద్దానికి మూతి ఆనించింది. చిరిగిన చోట దాని తోక మళ్లీ పుడుతోంది. రంగు ఇంకా పట్టలేదు. పల్చగా, అద్దం ముక్కలా ఉంది.